అమెరికా నవ్వుల టేపు

మా తమ్ముడి మనవరాలు సుహాసిని ఈమధ్య హైదరాబాదులో ఒక కంపెనీలో చేరింది. విదేశీ సినిమాలు, సీరియళ్ళు ఇక్కడి ప్రేక్షకుల ముందుకు వెళ్ళేలోపు వాటిని చూసి, ఉండకూడనిది ఏదైనా ఉంటే గుర్తుపెట్టడం ఆమె ఉద్యోగం. "తాతయ్యా, బహ్రెయిన్‌లో మీరు చేసింది కూడా ఇదేనట కదా. నాలుగు మంచి మాటలు చెప్పండి" అని ఫోన్ చేసింది. ఏవో చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత అటక మీది డైరీలు దింపించి, ఏ ఏటివి ఆ ఏటివిగా పేర్చుకుని చదువుతూ కూర్చున్నాను.

జీతం ఎప్పుడు పెరిగిందో, కుర్చీ ఎప్పుడు మారిందో అన్నీ ఉన్నాయి వాటిలో. అవి ఎవరికీ పనికిరావు. ఆ పని అసలు ఏమిటి, అందులో నేను ఎక్కడ తలదించుకోవాల్సి వచ్చింది అన్నది మాత్రం రాస్తున్నాను. మంచి మాటలు తక్కువే ఉంటాయి.

ఏం కోసేవాళ్ళం

రెండువేల సంవత్సరం దాటాక ఆ పదేళ్ళలో ఎక్కువ భాగం అద్లియా అనే పేటలో ఒక టీవీ చానల్ ఆఫీసులో పనిచేశాను. కింద రెస్టారెంటు, పైన మేము. మధ్యాహ్నం అయ్యేసరికి మాంసం కాల్చే వాసన ఎడిటింగ్ గదిలోకి వచ్చేది. చానల్ వాళ్ళు అమెరికా కార్యక్రమాలను మూటలుగా కొనేవారు. ఆ టేపులన్నీ ముందు నా బల్ల మీదికి వచ్చేవి. గల్ఫ్‌లో ఏ ఇంట్లోనైనా ఎవరైనా చూసేలోపు నేను చూడాలి. అదీ ఉద్యోగం.

ఆ తారల పేర్లు ప్రపంచమంతటికీ తెలుసు. నా డైరీలో మాత్రం వాళ్ళకు నేను పెట్టుకున్న పేర్లే ఉంటాయి. మధ్యాహ్నంపూట సోఫాలో కూర్చుని, వచ్చినవాళ్ళ చేత ఇంటి కష్టాలన్నీ చెప్పించే ఆవిడ కన్నీళ్ళమ్మ. పెద్ద బల్ల వెనక కూర్చుని దేశాధ్యక్షుడి దగ్గర్నుంచి సొంత అత్తగారి దాకా అందర్నీ వెక్కిరించే ఆయన బల్లాయన. ఊళ్ళోవాళ్ళ పైపులన్నీ బిగించి, సొంత వంటింట్లో కారే కుళాయిని మాత్రం వారాల తరబడి బాగుచేయలేని హాస్య సీరియల్ కథానాయకుడు ప్లంబర్ మామ.

ముద్దులు కోసేవాళ్ళం. మందు సీసాలు, పంది మాంసం, జూదం, దేవుడి మీద హాస్యం, పాలకుల మీద హాస్యం కోసేవాళ్ళం. కోయడానికి వీల్లేని చోట, అంటే ఒకావిడ భుజాలు కనపడే గౌను వేసుకుని మొత్తం కార్యక్రమం నడిపిస్తే, ఆ భాగం మీద గళ్ళుగళ్ళుగా మసక వేసేవాళ్ళం. మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో కొందరు "ప్రకాశరావుగారిది పుణ్యమైన ఉద్యోగం, చెడును ఆపే ఉద్యోగం" అనేవారు. నేను కాదనేవాణ్ణి కాదు.

ఇన్నేళ్ళు వాళ్ళను చూశాక నాకున్న అభిప్రాయం చెబుతాను. బల్లాయన హాస్యం కూరగాయల లాంటిది. మా దగ్గరికి టేపు వచ్చేసరికి వాడిపోయి ఉండేది. ఎవరి గురించి అంటున్నాడో మాకే తెలిసేది కాదు. కన్నీళ్ళమ్మ వేరు. ఎదుటి మనిషి ఏడుస్తున్నప్పుడు ఆవిడ మాట్లాడేది కాదు. తన కుర్చీలోంచి దిగి, వాళ్ళ మొహానికి తన మొహం సమానంగా వచ్చేలా మోకాళ్ళ మీద కూర్చునేది. అది నటనే కావచ్చు. కానీ ఎవరో ఆవిడకు నేర్పారు, ఆవిడ నేర్చుకుంది. నేను అది వందలసార్లు చూశాను, నేర్చుకోలేదు.

ఫెర్నాండెజ్ నేర్పిన విద్య

చేరిన కొత్తలో ప్లంబర్ మామ సీరియల్లో ఒక తప్పు చేశాను. మామ చేతిలో స్పానర్ పట్టుకుని నిలబడి ఉంటాడు. భార్య తిట్టి తిట్టి, చివరికి దగ్గరికి లాక్కుని ముద్దు పెడుతుంది. స్టూడియోలో కూర్చున్న జనం గొల్లుమంటారు. నేను ముద్దు కోశాను. నవ్వు కోయడం మరచిపోయాను. ప్రసారంలో మామ ఊరికే స్పానర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు, కనపడని జనం పగలబడి నవ్వుతున్నారు.

మర్నాడు మా అధికారి ఖలీల్‌గారు గదిలోకి వచ్చి, "ప్రకాష్, ఆ స్పానర్‌లో నీకు కనపడిన హాస్యం ఏమిటో మాకు కూడా చెప్పు హబీబీ" అన్నారు.

నాకు ముందు ఆ కుర్చీలో ఉన్నది ఫెర్నాండెజ్ అనే గోవా పెద్దమనిషి. అప్పటికింకా వెళ్ళిపోలేదు. "జోక్ కోస్తే నవ్వు కూడా కోయాలి మ్యాన్. నవ్వు కోస్తే సీను చప్పబడుతుంది. అప్పుడు ఇంకోచోట నుంచి తెచ్చి అతకాలి" అని సొరుగులోంచి ఒక టేపు తీసి ఇచ్చాడు. దాని మీద ఏమీ రాసి లేదు. దాని నిండా నవ్వులే. ఏవేవో అమెరికా కార్యక్రమాల నుంచి, నవ్వు మీద మాటలు పడని చోట్ల ఏరి పెట్టుకున్న నవ్వులు.

అతను ఊరికి వెళ్ళిపోయాక ఆ టేపు నాదైంది. నాది పద్ధతి ప్రకారం నడిచే స్వభావం. నవ్వులను రకాలుగా విడదీసి పేర్లు పెట్టాను. ముక్కుతో నవ్వే చిన్న నవ్వు. పొంగి తగ్గే నవ్వు. చప్పట్లతో కలిసిన నవ్వు. అందరూ ఆగాక ఒకావిడ ఆలస్యంగా కీచుమని నవ్వితే, ఆవిడను చూసి అందరూ మళ్ళీ నవ్వే నవ్వు. ఈ చివరిది అన్నిటికన్నా మంచిది. పొదుపుగా వాడేవాణ్ణి. ఆ జనం ఎవరో, ఏ ఊళ్ళో ఏ మాటకు నవ్వారో నాకు తెలియదు. వాళ్ళలో కొందరు ఈపాటికి చనిపోయి కూడా ఉంటారు.

నా అతుకు ఎవరూ పట్టుకోలేకపోయేవారు. అందుకు గర్వపడేవాణ్ణి.

ఖలీల్‌గారి ముచ్చట

ఖలీల్‌గారు చెడ్డవారు కారు. అక్కడ సెలవు శుక్రవారం, మా ఆరాధనా ఆ ఉదయమే. ఎంత పని ఉన్నా దానికి వెళ్తానంటే ఒక్కసారి కూడా కాదనలేదు. కుర్రతనంలో అమెరికాలో చదువుకున్నారు. అక్కడ ఒంటరిగా ఉన్న రోజుల్లో టీవీయే తనకు స్నేహితుడని, ఇంగ్లిషులో నవ్వడం టీవీ చూసే నేర్చుకున్నానని చెప్పేవారు. వాళ్ళ కార్యక్రమాలను కొనడంతో ఆయనకు తృప్తి లేదు. అలాంటిది మనమూ ఒకటి తీయాలని ఆయన కోరిక.

చివరికి దాచిన కెమెరా కార్యక్రమం మొదలుపెట్టారు. అమెరికాలో అది ఎంతో పాతది, పేరున్నది. దారినపోయే మనిషిని ఏదో ఇరకాటంలో పడేస్తారు. అతను కంగారుపడతాడు. చివర్లో తెర వెనక నుంచి తెల్లజుట్టు పెద్దాయన నవ్వుతూ వచ్చి కెమెరా చూపిస్తాడు. ఆ మనిషి నెత్తి కొట్టుకుని, నవ్వి, పెద్దాయనను వాటేసుకుంటాడు.

అందులో ఒకదాన్ని ఖలీల్‌గారు మా అందరికీ వేసి చూపించారు. పెద్ద దుకాణంలో బయటికి పోయే గుమ్మం దగ్గర, సరుకు దొంగిలిస్తే మోగే గేటు ఉంటుంది కదా. దాన్ని ఎవరు దాటినా మోగేలా చేస్తారు. ఒక లావుపాటి అమెరికా ఆయన సంచీ దింపుతాడు, మోగుతుంది. కోటు విప్పుతాడు, మోగుతుంది. బూట్లు విప్పుతాడు, మోగుతుంది. పెద్దాయన వచ్చి కెమెరా చూపించగానే ఆ లావుపాటి ఆయన కింద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతాడు. మేమూ నవ్వాం.

"చూశారా! తన మీద తాను నవ్వుకోవడం వాళ్ళకు తెలుసు. మనవాళ్ళకూ తెలియాలి" అన్నారు ఖలీల్‌గారు.

ఇప్పుడు నాకు తోచేది ఏమిటంటే, ఆ లావుపాటి ఆయన పుట్టినప్పటి నుంచి ఆ కార్యక్రమం చూస్తున్నాడు. కెమెరా చూపించిన క్షణంలో ఏ మొహం పెట్టాలో అతనికి ముందే తెలుసు. అప్పుడు ఈ ఆలోచన నాకు రాలేదు.

బియ్యం బస్తా మీద గంగారాం

బుదైయా రోడ్డులో ఒక సూపర్ మార్కెట్టు ఖలీల్‌గారి స్నేహితుడిది. అక్కడ గేటు బిగించి ఒక రోజంతా తీశారు. సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. "యల్లా ప్రకాష్, తొందరగా రా. మీవాడు ఒకడు దొరికాడు. బ్రహ్మాండంగా వచ్చింది. కానీ ఏడుపు ఆపడం లేదు. మేం చెప్పేది వాడికి అర్థం కావడం లేదు" అన్నారు.

నేను వెళ్ళేసరికి దుకాణం వెనక గదిలో బియ్యం బస్తా మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. సిమెంటు అంటిన ప్యాంటు, మెడలో గళ్ళ తువ్వాలు. కార్యక్రమం పేరు రాసిన టోపీ ఒకటి బహుమతిగా ఇచ్చినట్టున్నారు, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"తెలుగోళ్ళా సార్?"

"అవును, తెనాలి. నీ పేరేమిటి?"

"గంగారాం సార్. మాది జగిత్యాల దిక్కు. నేనేం తీయలే సార్. పైసలిచ్చిన. ఆ కౌంటరు మీది అమ్మను అడుగుండ్రి."

"తెలుసయ్యా. ఇదంతా ఉత్తుత్తిది. టీవీవాళ్ళు చేసిన తమాషా."

"తమాషనా?" అని తలుపు దగ్గర నిలబడిన వాళ్ళకేసి చూశాడు. "నాతోటా? నేనెవ్వలో వాళ్లకు దెల్వది గద సార్."

"ఎవరు వస్తే వాళ్ళతో చేస్తారు. నీ ఒక్కడితోనే కాదు."

జేబు తడిమి గుర్తింపు కార్డు ఉందో లేదో చూసుకున్నాడు. అది ఉండేసరికి కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "గిది టీవీల వస్తదా?"

"నువ్వు సంతకం పెడితే వస్తుంది."

"వద్దు సార్. మా రూముల పదిమందిమి ఉంటం. క్యాంపుల సగం మా దిక్కోళ్లే. వద్దు."

"ఏమంటున్నాడు?" అన్నారు ఖలీల్‌గారు వెనక నుంచి.

అతను అన్నది ఒక్క మాటే. వద్దు. దాన్ని అలాగే చెప్పడానికి నాకు ఇంగ్లిషులో ఒక్క మాట చాలు. "తన మొహం కనపడటం ఇష్టం లేదంటున్నాడు" అన్నాను. ఎందుకలా అన్నానంటే, ఏ చిక్కు వచ్చినా దాన్ని నా బల్ల మీద సరిచేసే చిక్కుగా చూడటం నాకు అలవాటైపోయింది.

"మొహమేనా? మసక వేసెయ్. ఖలాస్!" అన్నారు ఆయన.

నేను గంగారాం వైపు తిరిగాను. "చూడు, టీవీలో వేసేముందు దాన్ని సరిచేసేది నేనే. నీ మొహం ఎవరికీ కనపడకుండా మసక వేస్తాను. నాదీ పూచీ. సంతకం పెట్టు."

"మీరే జేస్తరా సార్?"

"నేనే."

"గట్లయితె మీ మీదనే భారం" అన్నాడు. బస్తా మీద కాగితం పెట్టి, తెలుగులో, ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం చేశాడు. నా ఆఫీసు ఫోన్ నంబరు ఇచ్చి, ఏమన్నా ఉంటే చెయ్యమన్నాను.

సుహాసినీ, ఇక్కడ ఒకటి గమనించు. అందరికన్నా ముందు చూడటం నా ఉద్యోగం. అప్పటికి నేను ఆ టేపు చూడలేదు.

టేపులో ఉన్నది

మర్నాడు చూశాను. గంగారాం సంచీతో గేటు దాటాడు. మోగింది. సెక్యూరిటీ దుస్తులు వేసుకున్న నటుడు చెయ్యి అడ్డం పెట్టాడు. గంగారాం గబగబా సంచీ కింద పెట్టి, లోపలి వస్తువులు ఒక్కొక్కటే తీసి పైకెత్తి చూపించడం మొదలుపెట్టాడు. "ఉల్లిగడ్డలు సార్. గివి ఉల్లిగడ్డలు. ఉల్లిగడ్డలే సార్!" అంటున్నాడు. ఉల్లిపాయలు దొర్లిపోతుంటే మోకాళ్ళ మీద పాకి ఏరుకొచ్చి మళ్ళీ చూపిస్తున్నాడు. ఖాళీ చేతులతో గేటు దాటాడు, మోగింది. జేబులు తిరగేశాడు, మోగింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని దాటాడు, మోగింది. కూలబడిపోయి చేతులు జోడించాడు.

అప్పుడు మా యాంకర్ గెంతుతూ వచ్చి కెమెరా చూపించింది. గంగారాం నవ్వలేదు. కెమెరాను చూడగానే అతని మొహం విప్పారింది. "కెమెర ఉన్నదా? మంచిగైంది సార్! అండ్ల సూడుండ్రి, నేనేం తీయలే. అండ్ల అంత ఉంటది, సూడుండ్రి!" అని కెమెరాకు దండం పెట్టాడు. కెమెరా తన తరఫున సాక్ష్యం చెబుతుందని అతని నమ్మకం.

నేను నవ్వాను. ఉల్లిపాయల దగ్గర నవ్వాను. ఉన్నమాట రాస్తున్నాను.

మాట ప్రకారం మొహం మీద మసక వేశాను. ఎక్కడా గీతంత కూడా బయటపడకుండా, అతను పాకినప్పుడు మసక కూడా పాకేలా శ్రద్ధగా చేశాను. అతని మాటలకు అర్థం రాసి, తెర కింద అరబిక్ అక్షరాలు వేసేవాళ్ళకు ఇచ్చాను. మా కార్యక్రమానికి స్టూడియో జనం లేరు కదా, నవ్వులు నా టేపు నుంచే వేయాలి. సంచీ దగ్గర చిన్న నవ్వు వేశాను. చెప్పుల దగ్గర పొంగే నవ్వు. మూడోసారి "ఉల్లిగడ్డలే సార్" అన్నచోట, దాచుకున్నది, ఆ కీచుగొంతు ఆవిడ నవ్వు వేశాను. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం ఉంది. "ఎడిటింగ్ పూర్తి. నవ్వులు బాగా కుదిరాయి."

"ఉల్లిగడ్డలోన్ని సార్"

బుధవారం సాయంత్రం ప్రసారమైంది. గురువారం పొద్దున ఆఫీసుకు ఫోన్ వచ్చింది.

"సార్, నేను గంగారాంను. ఉల్లిగడ్డలోన్ని సార్."

"చెప్పు గంగారాం. మొహం కనపడలేదు కదా?"

"కనవడలే సార్, మంచిగ జేసిండ్రు. గని గొంతు ఉన్నది గద. నేను 'సార్' అనంగనే మా లింగన్న మంచం మీదికెళ్లి లేసిండు, అరే గిది మన గంగారాంగాడేరా అని. ఇగ అందరు పడి పడి నవ్వుడే. పొద్దుగాల బస్సుల గూడ గదే. 'ఉల్లిగడ్డలు సార్, ఉల్లిగడ్డలు సార్' అని."

ఏళ్ళ తరబడి బొమ్మలు చూసినవాణ్ణి. మనిషంటే నాకు మొహమే. పదిమంది ఒక్క గదిలో, దీపం ఆర్పాక కూడా గొంతును బట్టే ఒకరినొకరు గుర్తుపట్టుకునే చోట, మొహం మూస్తే ఏం మూసినట్టు?

"శుక్రారం మల్లొస్తదంట గద సార్" అన్నాడు. "శుక్రారం అందరుంటరు, డ్యూటి ఉండది. పక్క క్యాంపోళ్లు గూడ సూడనీకె వస్తమన్నరు. మీరు జెప్తె ఇంటరు గద, జర ఆపుండ్రి."

నేరుగా ఖలీల్‌గారి గదికి వెళ్ళాను. విషయం చెప్పాను.

"సంతకం పెట్టాడు కదా" అన్నారు.

"పెట్టించింది నేనే."

"మరింకేం? అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడు ఆపమంటే ఎలా? ఏ నియమం కింద ఆపను, నువ్వే చెప్పు. ముద్దు ఉందా? మందు ఉందా?"

లేవు. ఇన్నేళ్ళు నేను కోసినవాటిలో ఏదీ ఆ టేపులో లేదు. ఒక మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని వణకడం ఏ నియమంలోనూ రాదు.

తిరిగి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఆపలేకపోతే నవ్వు కాస్త తగ్గిద్దామనుకున్నాను. మొదట కీచుగొంతు ఆవిడను తీసేశాను. తర్వాత చెప్పుల దగ్గరిది. అలా ఒక్కొక్కటే తీస్తూ పోతే చివరికి ఏదీ మిగల్లేదు. మొదటి నుంచి వేసి చూశాను. గేటు మోత, ఉల్లిపాయలు నేల మీద దొర్లే చప్పుడు, అతని ఊపిరి, ఆ గొంతు. ముందురోజుల్లో నేను అన్నిసార్లు చూసిన టేపే. ఆ ఊపిరి నాకు అప్పటిదాకా వినపడలేదు. సగంలో ఆపేశాను.

ఖలీల్‌గారిని పిలిచాను. విసుక్కుంటూ వచ్చి నిలబడే చూశారు. ఉల్లిపాయల దగ్గర ఆయన మొహం తిప్పుకుని కిటికీ వైపు చూశారు. అయిపోయాక టేపు ఆపాను.

"నవ్వు తీసేస్తే ఇది వార్తల్లో చూపించే దానిలా ఉంది" అన్నారు.

"అవునండి."

"శుక్రవారం దీని బదులు ఏదైనా వెయ్యి. నీ ప్లంబర్‌ను వెయ్యి." తలుపు దాకా వెళ్ళి ఆగారు. "అమెరికాలో వాళ్ళు నవ్వారు ప్రకాష్. నువ్వూ చూశావు కదా, వాటేసుకున్నారు కూడా" అన్నారు. ఆయన నన్ను ఒప్పించాలని అన్న మాట కాదది.

శుక్రవారం

ఆరాధన అయ్యాక తెల్లచొక్కా, ఇస్త్రీ ప్యాంటుతోనే గంగారాంవాళ్ళు ఉండే కూలీల క్యాంపుకు వెళ్ళాను. పునఃప్రసారం ఆగిందని స్వయంగా చెబుదామని వెళ్ళాను. అతను దండం పెడతాడని, నేను వద్దు వద్దు అంటానని దారిలో ఊహించుకున్నాను కూడా. రాయడానికి చేతులు రావడం లేదు, కానీ అలాగే వెళ్ళాను.

గంగారాం వంటగది వెనక కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని గిన్నెలు తోముతున్నాడు. పెద్ద గుట్ట ఉంది.

"ఇన్ని నువ్వొక్కడివే తోముతున్నావా?"

"వంతులుంటయి సార్, సామాన్ తెచ్చేది, వండేది, కడిగేది. సామాన్ వంతు వేరేటోళ్లకిచ్చి కడిగేది నేను దీస్కున్న. ఆ షాపుకు నేను పోను సార్."

పునఃప్రసారం ఆపించానని చెప్పాను. కన్నీళ్ళమ్మ అయితే అక్కడ కిందికి దిగి కూర్చునేది. నేల తడిగా ఉంది. నేను నిలబడే చెప్పాను.

"మంచిగ జేసిండ్రు" అన్నాడు. గిన్నె కడిగి బోర్లించాడు. "ఒక్కటి అడుగుత సార్. ఆ నవ్వినోళ్లు ఎవ్వలు?"

"ఎవరు?"

"టీవీల సార్. నేను ఉల్లిగడ్డలు దీస్తాంటె మస్తుమంది నవ్విండ్రు గద. ఒకామె అయితే ఆగకుంట నవ్వింది. అప్పుడు షాపుల గంతమంది లేరు. ఏడున్నరు వాళ్లు? ఈడోళ్లేనా? పనికి వోయేటప్పుడు బస్సుల కూసోని రోడ్డు మీదోళ్లను సూస్త సార్, గీమెనా, గాయిననా అని."

చెప్పాలి కాబట్టి చెప్పాను. వాళ్ళు ఇక్కడివాళ్ళు కారని, అమెరికావాళ్ళని, ఎప్పుడో ఏళ్ళ కిందట వేరే ఎవరి మాటకో నవ్వారని, ఆ నవ్వు దాచిపెట్టి అతని మీద అతికించింది నేనేనని.

చేతిలోని పీచు పక్కన పెట్టాడు. "అయితె వాళ్లు నన్ను సూడనే లేదా?"

"చూడలేదు."

"నన్ను జూసి నవ్వలే."

"లేదు."

అతని మొహంలో ఏదో సడలింది. అంతటితో అయిపోతుందనుకున్నాను. నా వైపు తలెత్తాడు.

"మరి మీరు సార్?"

లేదు అనడానికి నోటిదాకా వచ్చింది. "నవ్వాను గంగారాం" అన్నాను.

తల ఊపాడు. లేచి చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు. "పాండ్రి, షాపుకు వోయొద్దాం. ఇయ్యాల సామాన్ వంతు లింగన్నది. వాని వంతు నేను జేస్త. మీరు గూడ రాండ్రి" అన్నాడు.

నడుచుకుంటూ వెళ్ళాం. కొన్నవి ఉల్లిపాయలే. తిరిగి వచ్చేటప్పుడు గేటు ముందు అతని కాళ్ళు ఆగిపోయాయి. "మీరు ముంగట నడువుండ్రి" అన్నాడు. నేను దాటాను. కాసేపటికి అతనూ దాటాడు. ఏమీ మోగలేదు. మా చానల్ వాళ్ళు తాము బిగించిన గేటును అంతకుముందే విప్పి తీసుకుపోయారు, గుమ్మం ఖాళీగా ఉంది. అయినా అతను నుదురు తుడుచుకున్నాడు.

క్యాంపు వాకిలి దగ్గర సంచీ నా చేతికిచ్చాడు. "మీరు వట్టుండ్రి సార్."

లోపల మెట్ల మీద, మంచాల మీద, నీళ్ళ ట్యాంకు నీడన అందరూ ఉన్నారు. పక్క క్యాంపు వాళ్ళు కూడా వచ్చినట్టున్నారు. తెల్లచొక్కా, ఇస్త్రీ ప్యాంటు, చేతిలో ఉల్లిపాయల సంచీతో నేను వాకిట్లోకి వచ్చాను. మెట్ల మీద నుంచి ఒకడు, లింగన్నే అయి ఉంటాడు, కేక పెట్టాడు.

"అరే గంగారాం, ఇయ్యాల ఉల్లిగడ్డలు సారే మోస్తాండేందిరో!"

క్యాంపు క్యాంపంతా నవ్వింది. తగ్గినట్టు తగ్గి, ఎవరో ఒకడు మళ్ళీ అందుకుంటే మళ్ళీ లేచింది. నా టేపులో అంత పొడుగు నవ్వు ఒక్కటి కూడా లేదు. గంగారాం నవ్వలేదు. పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తున్నాడు. సంచీ పట్టుకుని వాళ్ళ మధ్య నిలబడ్డాను. ఏ మొహం పెట్టాలో నాకు తెలియలేదు.